వేడి పలక మీద ఎలుక

ఇన్నేళ్లలో నా ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. నేనేదో గోడతో మాట్లాడుతున్నట్టు ఊరుకున్నారు.

డెబ్బైల చివర్లో బెంగళూరులోని ఒక కాలేజీలో మందుల పరిశోధన విభాగంలో చేరాను. మా గైడు కూడా నాలాగే పాత బెంగళూరు తెలుగువాడు. అత్తిబెలె వైపు కంచెల్లో పెరిగే వావిలాకు తెప్పించి, నీడన ఆరబెట్టి, సారం తీసి, అది నొప్పిని తగ్గిస్తుందో లేదో ఎలుకల మీద చూడటం నా పని. వేడి పలక మీద పెడితే మామూలు ఎలుక కాసేపటికే నొప్పికి పాదాలు నాక్కుంటుంది. మందు వేసిన ఎలుక నాక్కోలేదు. గైడు మురిసిపోయాడు.

నాకు అనుమానం వచ్చింది. పలక మీంచి తీసినప్పుడు ఆ ఎలుక నా అరచేతిలో తడిగుడ్డలా వాలిపోయింది. మెల్లగా తిరిగే కడ్డీ మీద పెట్టి చూశాను. మందు వేయని ఎలుకలు దాని మీద చక్కగా నడిచాయి. మందు వేసినవి జారిపడ్డాయి. కదల్లేని ఎలుక పాదం ఎలా నాక్కుంటుంది? మోతాదు తగ్గించి మళ్లీ చూద్దామన్నాను.

గైడు అందరికీ వినబడేలా నవ్వాడు. "ఎలుకే గమ్మునుండాది కదప్పా, మధ్యలో నీకేం నొప్పి?"

"గమ్మునుండేది కాదు సార్. దానికి కాళ్లు ఆడకుండా ఉండాయి."

"అయితే దాన్నే అడుగుపో. సుమ్నే ఊరికే నా తల తినొద్దు."

వ్యాసం అచ్చయింది. వావిలాకు నొప్పిని తగ్గిస్తుందని తేల్చేశారు. కడ్డీ ఊసే లేదు. చివర చిన్న అక్షరాల్లో, ఎలుకల బాగోగులు చూసినందుకు నాకు కృతజ్ఞతలట! నన్ను మేత వేసేవాణ్ణి చేశారు.

ఆకు మీద నాకు పగ లేదు. మా అమ్మ దాన్నే వెచ్చచేసి మోకాళ్లకు కట్టుకునేది. "మన ఆకు పనిచేస్తాదని తేలిందా?" అని ఆశగా అడిగింది.

"తెలీదమ్మా."

"ఇంతమంది చదివినోళ్లు ఉండారు, ఇదీ తెలీదా?"

తెలుసుకోనిస్తే కదా!

ఎనభైల్లో గైడుకు సన్మానం జరిగింది. సభలో లేచి అదే ప్రశ్న అడిగాను. ఆయన గడియారం చూసుకుని, "టీ చల్లారిపోతా ఉండాది, పదండప్పా" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ లేచిపోయారు. నేను ఖాళీ కుర్చీల మధ్య నిలబడ్డాను.

ఆయన రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ విభాగం ఆయన శిష్యుల చేతిలో ఉంది. పాఠాల్లో ఇంకా ఆ వ్యాసమే చెబుతున్నారు. వాళ్లనే అడుగుతున్నాను. మీ దగ్గర ఎలుకలున్నాయి, కడ్డీ ఉంది, వావిలాకు ఇంకా దొరుకుతుంది. మళ్లీ చేసి చూడండి. ఆ ఎలుకకు పోయింది నొప్పా, కదలికా? సూటిగా చెప్పండి.