మూడోసారి అడగని లవోన్

లవోన్ హాగెన్ స్కూలు బస్సు నడిపే రోజుల్లో ఆమె వెనక సీట్ల మీదికి ఒక్క కేక వేస్తే పక్క జిల్లాలో ఆవులు పాలివ్వడం మానేసేవట. అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని స్వెటర్లు అల్లుతుందా? వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ల గోడు వినే అంబుడ్స్‌మన్ పనికి పేరిచ్చింది. జీతం లేదు గానీ మెడలో ఒక బిళ్ల వేశారు. ఆ బిళ్ల చూపిస్తే ఆశ్రమంవాళ్లు ఆమెను లోపలికి రానివ్వాల్సిందే, అక్కడున్నవాళ్లతో ఒంటరిగా మాట్లాడనివ్వాల్సిందే. కాగితాల దగ్గర మాత్రం ఆ జోరు చెల్లదు. ఎవరి వైద్యం కాగితాలు చూడాలన్నా వాళ్లు సరేనని అనాలి. వద్దంటే వద్దు, బతిమాలి ఒప్పించకూడదు అని శిక్షణలో చెవులు చిల్లులు పడేలా చెప్పారు.

చిక్కు ఆర్డిస్ ట్వైట్ దగ్గర వచ్చింది. ఆర్డిస్ అదే స్కూల్లో వంట చేసేది. పేకాటలో పాస్టరుగారినైనా సరే జాలి లేకుండా ఓడించేది. అలాంటిది చలికాలం మొదలైనప్పటి నుంచి నిద్రే నిద్ర. సూపు గిన్నెలో ముక్కు మునిగినా తెలియనంత నిద్ర. నడక తగ్గిపోయింది. ఇలాగే ఉంటే మంచం దిగదేమోనని లవోన్‌కు భయం పట్టుకుంది.

"నీకేదో మాత్ర ఎక్కువైనట్టుంది. నీ కాగితాలు చూడనా?" అని అడిగింది.

"ఎందుకులే లవోన్. నీకు శ్రమ," అంది ఆర్డిస్ ఆవలిస్తూ.

లవోన్ బయటికొచ్చింది. కారెక్కాక బుర్ర తిరగడం మొదలుపెట్టింది. మిన్నెసోటాలో మా వైపు కాఫీ ఇస్తామంటే మొదట వద్దంటారు, రెండోసారి ఎందుకులే అంటారు, మూడోసారికి "పోస్తే సగం కప్పు" అని నిండా తాగుతారు. మొదటిసారే సరే అన్నవాణ్ణి వింతగా చూస్తారు. లవోన్ పెళ్లే అలా కుదిరింది. ఆమె మొగుడు రెండోసారితో ఆగిపోయి ఉంటే ఇవాళ్టికీ ఒంటరిగా ఉండేవాడు. మరి ఆర్డిస్ వద్దన్నట్టా, అననట్టా? మళ్లీ అడిగితే బతిమాలినట్టు. అడగకపోతే మొదట అడిగింది మాటవరసకే అయినట్టు.

పై ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఆవిడ వద్దన్నారా?" అనడిగాడు అక్కడి ఆఫీసరు.

"అంది. కానీ అనలేదు."

"ఏదో ఒకటి చెప్పండి లవోన్."

"అది తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను నాయనా?"

చివరికి ఆయన, వద్దనే హక్కు ఆర్డిస్‌కు ఉందని గుర్తుచేసి ఇంకోసారి అడగొచ్చన్నాడు. లవోన్ మర్నాడు పొద్దున్నే, ఆర్డిస్ పొద్దుటి మాత్ర వేసుకోకముందే, ఫ్లాస్కులో కాఫీతో దిగింది. ఆర్డిస్ వద్దంది, ఎందుకులే అంది, తర్వాత సగం కప్పు అంది. నిండా పోస్తే గుటగుటా తాగేసింది.

"నిన్న కాగితాలన్నావు. మళ్లీ ఊసే లేదు," అంది కప్పు దించి.

"నువ్వే వద్దన్నావుగా."

"ఒక్కసారంటే లేచిపోవడమేనా? ఏదో మర్యాదకి అడిగావనుకున్నాను."

"ఇష్టం లేకపోతే లేదని చెప్పు, నేనేమీ అనుకోను. చూడనా?"

"నీకు వేరే పనులుంటాయిగా."

"లేవు. చూడనా?"

"చూస్తే చూడు మరి."

"ఇది సరేననేగా?"

"ఇంకెలా చెప్పాలి, లేచి పాట పాడాలా?"

నర్సు రొక్సాన్ ఫైలు తీసింది. టెక్సస్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. శరదృతువులో ఆర్డిస్ జారిపడి, నొప్పికి తట్టుకోలేకపోతే పూటపూటా వేయమని మొదలుపెట్టిన మత్తు మాత్ర అది. నొప్పి తగ్గాక ఆవిణ్ణి అడిగి ఆపమని డాక్టరు రాశాడు. దాని కింద, "ఆపమంటారా అని అడిగాం. వద్దన్నారు" అని ఉంది.

"నేనే అడిగానండీ," అంది రొక్సాన్. "వద్దులే, మీకు శ్రమ అన్నారు. ఆవిడ హక్కు కదా అని కొనసాగించాం."

"ఎన్నిసార్లు అడిగావమ్మా?"

"ఒక్కసారే. ఎన్నిసార్లడగాలి?"

లవోన్‌కు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిడదామంటే తను చేసిందీ అదే. ఇద్దరూ కలిసి ఆర్డిస్ దగ్గరికి వెళ్లారు. మాత్ర ఆపమంటారా అని రొక్సాన్ అడిగింది. వద్దులే అంది ఆర్డిస్. రొక్సాన్ బిక్కమొహం వేసి లవోన్ వైపు చూసింది. బతిమాలకూడదన్న మాట గుర్తొచ్చి లవోన్ పళ్లు బిగించి కిటికీలోంచి మంచు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల తనంతట తనే మళ్లీ అడిగింది, మళ్లీ అడిగింది.

"డాక్టరుగారికి మరీ ఇబ్బంది లేకపోతే," అంది ఆర్డిస్, "ఆపమను."

కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు. మంచు కరిగేసరికి ఆర్డిస్ కళ్లు దీపాల్లా వెలుగుతున్నాయి. భోజనాల గదికి తనే నడిచి వెళ్లి, పేకాటలో లవోన్‌ను వరసగా ఓడించి, ముక్కలు ఊరంతా వినపడేలా బల్లకేసి కొట్టింది.

"ఇప్పుడెలా ఉంది నీకు?" అనడిగింది లవోన్. తృప్తిగా ఉన్నారా లేదా అని పై ఆఫీసుకు చెప్పాలి మరి.

"ఇంతకన్నా అధ్వాన్నంగా కూడా ఉండొచ్చు," అంది ఆర్డిస్.

అది తృప్తో ఫిర్యాదో తేలక, లవోన్ కారు తాళాలు చేత్తో పట్టుకుని చాలాసేపు బయట నిలబడింది. తర్వాత తాళాలు జేబులో వేసుకుని మళ్లీ లోపలికి వెళ్లింది. ఇంకా రెండుసార్లు అడగాలి.