సుగుణత్త చైనా కోడి

ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో కాగే కడాయిలో సోయా సాస్ పడగానే ఒక వాసన లేస్తుంది. కొంత మాడిన బెల్లంలా, కొంత పులిసిన గంజిలా, ముక్కులో ఆగక గొంతులోకి దిగే వాసన. పిల్లలు చిల్లీ చికెన్ అంటూ పళ్లాలు పట్టుకుని వచ్చేస్తారు. ఇప్పుడు నారాయణఖేడ్‌లో ఏ కిరాణా దుకాణంలోనైనా ఆ సీసా దొరుకుతుంది. నేను వండుతాను, వడ్డిస్తాను, తినను. మా ఇంట్లో దాన్ని మొదట వండింది నాన్న చెల్లెలు సుగుణత్త. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

అంతవరకు కోడి అంటే మాకు నానమ్మ వండే ఎర్రటి పులుసే. ఎండుకొబ్బరి, గసగసాలు రోట్లో నూరి పోసిన ఆ పులుసులో జొన్నరొట్టె తుంచి నానేసి, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్లం. చలికాలంలో ఎల్లమాస పండుగకు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, కంది మొక్కల నడుమ కూర్చుని, దొరికిన కాయగూరలన్నీ కలిపి ఉడికించిన బజ్జీతో సజ్జరొట్టెలు తినేవాళ్లం. వానలు తగ్గాక వాకిట్లో తొక్కుడుబిళ్ల, ఆ వెంటనే తంగేడు పూల కోసం పరుగులు, బతుకమ్మ.

సుగుణత్తను కర్ణాటక సరిహద్దునున్న నాగల్‌గిద్దకు ఇచ్చారు. మామ హైదరాబాద్‌లో ఒక చైనా వంటల హోటల్లో వంటవాడు. పెళ్లయిన మూడేళ్లకే పచ్చకామెర్లతో పోయాడు. ఇరవై మూడేళ్ల అత్త ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చింది. పొద్దంతా పని చేసేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇంట్లో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. దేనికీ రమ్మనీ పిలవలేదు.

మామతో కలిసి అదే హోటల్లో పనిచేసిన యాదగిరిది కల్హేర్ దగ్గర పల్లె. ఊరికి వస్తూ మా డిపోలో బస్సు మారేవాడు. ఒక శనివారం అత్త నన్ను వెంటబెట్టుకుని డిపోకు వెళ్లింది. అతను కాగితంలో చుట్టిన నల్లటి సీసా, మొక్కజొన్న పిండి పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. మామ ఒకసారి ఉప్పనుకుని చక్కెర వేసి యజమానితో తిట్లు తిన్న సంగతి చెప్పాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను అదే మొదలు చూడటం.

తోవలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాదగిరి ఇచ్చిండని ఇంట్ల జెప్పకు బిడ్డా. జెప్తవా?"

"జెప్ప అత్తా."

మర్నాడు నానమ్మ చేనుకు పోగానే పెరటి పొయ్యిలో కందికట్టె రాజేసింది. ఎముకలు తీసిన ముక్కలకు గుడ్డు, మొక్కజొన్న పిండి, దంచిన అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి, నూనెలో గలగలమనేదాకా వేయించింది. వేరే కడాయిలో చీల్చిన పచ్చిమిరపకాయలు, రేకలు విడదీసిన ఉల్లిగడ్డ, ఉల్లికాడలు వేసి, మంట పైకి లేచేలా ఊది, నల్లటి ఆ రసం పోసి, ముక్కలు వేసి కడాయిని రెండు చేతులా ఎగరేసింది. "మీ మామ గిట్లనే ఎగిరేస్తుండె" అంది. ఒక ముక్క బూడిదలో పడితే మళ్లీ నవ్వింది. మేం దానికి చైనా కోడి అని పేరు పెట్టుకున్నాం. నాలుగు ఆదివారాలు తిన్నాం.

బతుకమ్మ మొదటి రోజు నానమ్మ అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లతో పూలు పేరుస్తోంది. అత్త నీళ్లకు పోయింది. "మీ ఇంట్ల ఐతారం ఐతారం ఏందో కొత్త వాసనొస్తుంది" అంది పక్కింటావిడ. నాకు గర్వం ఆగలేదు.

"మా అత్త చైనా కోడి వండుతది! పట్నంకెళ్లి యాదగిరి మామ సీస దెచ్చిండు. డిపోల మస్తు ముచ్చట వెట్టిండ్రు. అత్త మస్తు నవ్వింది."

పూలు పేరుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"నవ్విందా?" అంది ఆవిడ. "మొగడు సచ్చి ఏడాదన్న గాలె."

నానమ్మ తలవంచుకుని పూలు పేర్చడం ముగించింది. దసరా వెళ్లిన మూడో నాడు నాగల్‌గిద్ద నుంచి మామ అన్న ఆటో తీసుకుని వచ్చాడు. "నీ ముచ్చట ఊరంత ఎరుకైంది. ఇగ నీ అత్తగారింట్లనే ఉండు" అంది నానమ్మ కన్నకూతురితో. ఎవరు చెప్పారో మాత్రం అనలేదు. అత్త నాన్న వైపు చూసింది. నాన్న నేల చూశాడు. అమ్మ తలుపు చాటు నుంచి కదల్లేదు. ఆటో ఎక్కే ముందు అత్త నా ముక్కు తుడిచి, "మంచిగ సదువుకో" అంది. నేను వెళ్లి అమ్మ వెనక నిలబడ్డాను.

నానమ్మ పోయినప్పుడు అత్త ఒక పూట వచ్చి కూర్చుని వెళ్లింది, అంతే. నిరుడు చలికాలంలో ఆ తప్పు ఇక మోయలేక నేనే నాగల్‌గిద్ద వెళ్లాను. అత్త జుట్టంతా నెరిసింది. గొడ్లను కన్నడంలో అదిలిస్తూ వాకిట్లో కందులు చెరుగుతోంది. పక్కన కూర్చుని ఏడుస్తూ అంతా చెప్పాను.

చాట ఆగింది.

"నువ్వు జెప్పినవా?"

"తెల్వక జెప్పిన అత్తా."

చాట పక్కన పెట్టింది. "యాదగిరే జెప్పిండనుకున్న. దోస్తుల తాన గొప్పకు అన్నడు గావచ్చు అనుకున్న. నన్ను జేసుకుంటనని గీడిదాక వచ్చిండు, రెండుసార్లు. మొకం మీదనే తలుపేసిన."

"మళ్ల రాలేదా?"

"మూడోసారి రాలె."

మళ్లీ చాట అందుకుంది. తలెత్తకుండానే, "ఇగ పో. బస్సొచ్చే యాళ్లయింది" అంది. మా వైపు గడప దాటే ఎవరినైనా పోయిరా అని సాగనంపుతారు. చావింటి నుంచి వెళ్లేవాళ్లను మాత్రమే అలా అనరు.

పెరటి పొయ్యి ఉన్న చోట ఇప్పుడు సిమెంటు గది లేచింది. నాన్న పోయాడు, అమ్మ పోయింది, అరుగు మీద పూలు పేర్చిన ఆడవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఆనాటి మనిషి అత్త ఒక్కతే ఉంది, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరంలో. నేను మళ్లీ వెళ్లలేదు.