దౌలత్ రోకలి కింద పెట్టిన రోజు

మా దమ్యాత్‌లో బిడ్డ పుట్టిన ఏడో రోజున జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తారు. "అమ్మ మాట విను, నాన్న మాట వినకు" అని పాడతారు. మా వీధిలో ఆ పని దౌలత్‌ది. ఆవిడ దంచితే నైలు నదిలో చేపలు ఒడ్డెక్కి "ఎవరింట్లో పురుడు?" అని అడిగేవి. ఒకదానికి నేనే దారి చెప్పాను. కుర్చీలకు పాలిష్ పట్టే మొగుడు పోయాక ఆమెకు పరువూ అన్నమూ రెండూ ఆ రోలే.

పక్కింటి నజ్లా కొడుకు తామిర్‌కు ఏడాదిన్నర నిండింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. నజ్లా వచ్చి దౌలత్ గుమ్మంలో నిలబడింది.

"ఏం దంచావు పిన్నీ? మా వాడికి ఒక్క మాటా చెవికెక్కడం లేదు. ఆ రోజు నీ ధ్యాసంతా స్వీట్ల మీదేనా?"

"నీకూ నేనే దంచానే. కాస్త ఎక్కువైనట్టుంది, నోరు ఇంత లేచింది."

అలా అన్నదే గానీ, రోలు పట్టుకుని మళ్ళీ దంచడానికి వెళ్ళింది.

మొదటి దెబ్బకే వాడు చెవులు మూసుకుని కెవ్వుమన్నాడు. "వినపడింది!" అంటూ చుట్టూ చేరిన ఆడవాళ్ళు సంబరపడ్డారు. దౌలత్ మాత్రం రోకలి కింద పెట్టేసింది. చెవులు బాగానే ఉన్నాయి. మరి పేరుకెందుకు తిరగడు?

బఠానీలు ఒలిచే నెపంతో ఆమె వారం రోజులు వాళ్ళింట్లోనే కూర్చుంది. బిస్కెట్ పొట్లం చప్పుడైతే వాడు పరుగున వస్తాడు. పిలిస్తే రాడు. పావురాలను చూపిస్తే అటు చూడడు. ఏదైనా కావాలంటే తల్లి చెయ్యి పట్టుకుని గరిటెలా వాడుకుంటాడు, ఆమె మొహం వైపు మాత్రం చూడడు. గిన్నె మూత తిప్పుతూ గంటలు గడుపుతాడు. పది నెలలప్పుడు నాన్నను పిలిచిన "బాబా" కూడా ఇప్పుడు లేదు.

"డాక్టరమ్మకు చూపించవే," అంది దౌలత్.

"వీడి బాబాయికి నాలుగేళ్ళకు గానీ మాట రాలేదు."

"మాట ఒక్కటే కాదే. మీ మరిది మాట రాకపోయినా జామకాయ కనబడితే వేలెత్తి చూపించి వీధంతా అదరగొట్టేవాడు."

"అయితే నీ రోలు ఉత్తదేనా?"

ఆ ప్రశ్న తగలాల్సిన చోటే తగిలింది. అవునంటే రేపటి నుంచి ఎవరూ పిలవరు. దౌలత్ కాసేపు బఠానీలు ఒలిచింది.

"ఉత్తదే. వేడుక, అంతే. దానివల్ల వీడికి వచ్చిన మంచీ లేదు, చెడ్డా లేదు. నీ తప్పూ ఏమీ లేదు. పద."

నజ్లా పొమ్మని తలుపు వేసేసింది. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున్నే పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది.

"డాక్టరమ్మ అడిగినవాటికి నువ్వే జవాబు చెప్పు పిన్నీ. నేనైతే అబద్ధం చెప్పేస్తాను."

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ అడిగింది. "ఏదైనా నచ్చితే వేలితో చూపించి, మీరు చూశారా లేదా అని మీ వంక చూస్తాడా?"

దౌలత్ నోరు తెరిచింది.

"లేదండీ," అంది నజ్లా, ఆమెకంటే ముందే. "ఎప్పుడూ చూపించలేదు. నాకు చాలా రోజులుగా తెలుసు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆటిజం కావచ్చు, పరీక్షించి చూద్దాం. ఇంత చిన్నప్పుడే తెచ్చారు, అది మంచిదైంది. ఇంకేం గమనించారు?"

నజ్లా కళ్ళు తుడుచుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.