పాలతో మింగిన ఐరన్ మాత్ర

ఐదో నెలలో ఒక పొద్దున పూజలో రోజూ చదివే స్తోత్రం చదువుతూ నాలుగుసార్లు ఆగాల్సి వచ్చింది. ఊపిరి అందలేదు. గుండె దడదడలాడింది. కడుపుతో ఉన్నప్పుడు ఇంతేలే అనుకున్నాను. ఆ రోజుల్లోనే బియ్యం ఏరుతూ గుప్పెళ్ళకొద్దీ నమిలేదాన్ని. అదీ రక్తం తగ్గిందనడానికి ఒక గుర్తేనని అప్పట్లో తెలియదు. అత్తయ్య చూసి నవ్వేవారు.

"బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు. నీ పెళ్ళయిపోయిందిగా, తినవే!"

గవర్నర్‌పేటలో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే బ్లడ్ టెస్ట్ చేశారు. "హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉందమ్మా, ఎనీమియా" అని డాక్టరమ్మ గారు ఐరన్ మాత్రలు రాశారు. ఆకుకూరలు తినమన్నారు. రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

ఐరన్ వేడి చేస్తుందని అత్తయ్య భయం. అందుకని రోజూ పూజ కాగానే గ్లాసెడు పాలు చల్లార్చి, మాత్ర చేతిలో పెట్టేవారు. మునగాకూ, నువ్వులూ కూడా వేడేనని వంటింట్లోంచి తీసేశారు. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ మింగాను.

ఏడో నెలలో హిమోగ్లోబిన్ ఏడున్నరకు పడిపోయింది. స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందన్నారు.

"మాత్రలు పారేస్తున్నావా?" అన్నారు డాక్టరమ్మ గారు.

"లేదండీ, ఇవిగో" అని ఖాళీ స్ట్రిప్పులు చూపించాను.

"ఇవి అందరూ చూపిస్తారమ్మా. ఇలాగే ఉంటే డెలివరీకి రక్తం ఎక్కించాలి. నీకూ, బిడ్డకీ రిస్కే."

అబద్ధం చెప్పానని ఆవిడ నమ్మేశారు. ఇంటికొచ్చి మాత్రల అట్ట మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. నేను బడికి వెళ్ళలేదు, నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. మాత్ర నాకెందుకు పనిచేయడం లేదో చెప్పే మాట అక్కడ కనిపించలేదు.

ఐరన్‌ని సెలైన్‌లో ఎక్కించడానికి అడ్మిట్ చేశారు. సూది గుచ్చుతూ నర్సమ్మ మాటల్లో అడిగింది.

"మాత్ర దేంతో వేసుకుంటున్నావమ్మా?"

"పాలతో."

"అయ్యో! పాలూ, కాఫీ, టీ ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు తల్లీ. కాల్షియం మాత్ర కూడా దాంతో కలిపి వేసుకోకూడదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకో."

పక్కనే ఉన్న అత్తయ్య ముఖం పాలిపోయింది. "నా చేత్తో నేనే ఇచ్చానే" అన్నారు. ఆ వెంటనే కోపం. "ఆ డాక్టరమ్మకి తిట్టడానికి నోరుందిగా, ఈ ముక్క చెప్పడానికి లేదా?"

మర్నాటి నుంచి మునగాకు పప్పు, నువ్వులుండలు వండిపెట్టింది కూడా అత్తయ్యే. డెలివరీ నాటికి హిమోగ్లోబిన్ పది దాటింది. రక్తం ఎక్కించే పని పడలేదు. పాప క్షేమంగా పుట్టింది. కొండమీది అమ్మవారికీ, పేరు కూడా అడగని ఆ నర్సమ్మకీ ఋణపడి ఉన్నాను.

పాపకిప్పుడు రెండేళ్ళు. మా వన్ టౌన్‌లోని అంగన్‌వాడీలో గర్భిణులతో అప్పుడప్పుడు మాట్లాడతాను. గోడ మీద కూరగాయల బొమ్మలున్నాయి, ఈ సంగతి మాత్రం లేదు. మొన్న ఒకమ్మాయి "ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే వికారం రాదక్కా" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకా ఎంతమందికి ఇలా ఒక్కొక్కరికీ చెప్పాలి?

అక్కచెల్లెళ్ళారా, ఐరన్ మాత్రకీ పాలు, కాఫీ, టీలకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి. మాత్ర ఏ వేళ, దేంతో మింగుతున్నారో డాక్టరు అడగకపోయినా, కుర్చీలోంచి లేచేలోపు మీరే చెప్పేయండి.