మునిరత్నం టీవీలోని ఎరుపు

ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. వింటే "ఓస్, వీడియో గేమ్ గురించా ఇంత బాధ?" అని నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడే దాచానని అనుకునేవాణ్ని. కాదు. నవ్వకుండా నా మొహం వైపు చూసేవాళ్లు ఎవరైనా తగులుతారేమోనని భయం. మీరు తగిలారు. వినండి.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో చిత్తూరులో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మునిరత్నం నా స్నేహితుడు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. కాయలొచ్చే కాలంలోనే పని, మిగతా రోజులు ఖాళీ. ఇంట్లో పాత టీవీకి క్యాసెట్ గేమ్ తగిలించుకుని, విమానాలు కూల్చే ఆట ఒకటి ఆడుతూ కూర్చునేవాడు. ఆ ఆట వాడికి నేర్పింది నేనే. నా రోగమంతా అక్కడే ఉంది.

పాత ఆటల్లో ఎవరి స్కోరు ఎక్కువో పట్టిక వేసి పెట్టే వెబ్‌సైట్ ఒకటుండేది. అసలైన టీవీ మీద ఆడాలి, తెరను ఫొటో తీసి పంపాలి. కంప్యూటర్లో ఆడితే చెల్లదు. ఒక మధ్యాహ్నం మునిరత్నం నా కళ్లముందే, ఒక్క విమానమూ పోగొట్టుకోకుండా, ఆ ఆటను చివరిదాకా ఆడేశాడు. ఆ పట్టికలో ఎవరికీ లేని స్కోరు. నేనే నా ఫోనుతో ఫొటో తీశాను. వాడికి ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే పంపాను. పాత టీవీని ఫొటో తీస్తే ఒక్కోసారి తెరకు అడ్డంగా నల్లపట్టీ పడుతుంది. స్కోరులో సగం అంకెలు దానికిందే పోయాయి. పక్కనుండి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, స్కోరెంతో చెప్పగలరా అని వెబ్‌సైట్ వాళ్లు అడిగారు.

ఉన్నాను. చెప్పగలను. ఒక్క వాక్యం చాలు. "నేను సరిగా చూడలేదు" అని రాశాను. వాళ్లు వాడి స్కోరును పట్టికలో ఎక్కించలేదు.

ఎందుకు? నేను డిగ్రీ చదివినవాణ్ని, కంప్యూటర్లు తెలిసినవాణ్ని, వాడేమో పదో తరగతి తప్పినవాడు, నేను నేర్పిన ఆటలో నన్నే దాటిపోయాడని కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఇంతకంటే కాస్త మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని చాలా ఏళ్లు వెతికాను. లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

పాత ఆటలను కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అందులో చచ్చినచోటే మళ్లీ బతికి ఆడొచ్చు. అలా వారం రోజులు దొంగాట ఆడి వాడి స్కోరు దాటాను. కానీ కంప్యూటర్ బొమ్మ మరీ శుభ్రంగా ఉంటుంది, చూడగానే పట్టేస్తారు. దాన్ని పాత టీవీ బొమ్మలా చూపించే ఫిల్టర్లు ఉన్నాయి, ఇప్పుడు షేడర్లంటున్నారు. ఒక్కొక్కటీ పెట్టి చూశాను. ఒకదాంట్లో అడ్డగీతలు కిటికీ ఊచల్లా లావుగా ఉన్నాయి. ఇంకోదాంట్లో అంతా మసక. ఏది నిజంలా ఉందో తేల్చుకోలేకపోయాను.

అందుకని మునిరత్నం ఇంటికి పోయాను. మూడు సాయంత్రాలు. స్కోరు పోయిందని ఓదార్చడానికి వచ్చాననుకున్నాడు వాడు. వాళ్లావిడ సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. వాడు ఆడుతుంటే నేను తింటూ ఆ తెరనే చూశాను. ఎరుపు తన అంచు దాటి పక్కకు ఎంత చెదురుతోంది, మూలలు ఎంత వంగాయి, గీతలు ఎంత సన్నగా ఉన్నాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా? సెంటర్‌కు వచ్చి ఫిల్టర్‌ను అచ్చం అలాగే సరిచేశాను. నల్లపట్టీ పడని, పలకలాంటి కొత్త ఎల్‌సీడీ మానిటర్ మీద పెట్టి ఫొటో తీసి పంపాను. వెంటనే ఒప్పుకున్నారు. పట్టికలో అందరికంటే పైన నా పేరు.

మునిరత్నం సెంటర్‌కు వచ్చి ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"ఏందప్పా ఇది, అచ్చం మా టీవీ మాదిరే ఉండాదే! ఆ ఎరుపు సూడు."

"ఆ కాలం టీవీలన్నీ ఇట్నే ఉంటాయిలే," అన్నాను.

"అంతేలే. నాది పోతే పోయిందబ్బా, మన సిత్తూరోడే గదా పైన ఉండేది! ఒక ప్రింటు తీసీ, ఇంట్లో పెట్టుకుంటా."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ప్రింటు తీసిచ్చాను. రంగులదే ఇచ్చాను.

ఆ తర్వాత వాడు ఆట మానేశాడు. ఎందుకురా అంటే, "ఆడిందే లెక్కలోకి రాల్యా, ఇంగ ఎందుకు లేప్పా" అన్నాడు. ఆ సంవత్సరమే టీవీ ఎవరికో ఇచ్చేశాడు.

వెబ్‌సైట్ ఎప్పుడో మూతపడింది. తప్పు దిద్దుతానన్నా అక్కడ చోటు లేదు. మునిరత్నం ఉన్నాడు కదా, వాడికి చెప్పొచ్చు కదా? పోయిన నెల ఆ మాట చెప్పాలనే వాళ్లింటికి పోయాను. వాడి కొత్త అల్లుడు వచ్చి ఉన్నాడు. గోడమీద వెలిసిపోయిన ఆ ప్రింటు చూపించి, "ఈయనే ఆడింది. నేనూ ఏదో ఆడేవాణ్నిలే నాయనా, గానీ ఈయప్ప ముందర మనం యాడ?" అన్నాడు మునిరత్నం. నేను తల దించుకున్నాను. ఇంత వినయమా అని అల్లుడు మెచ్చుకున్నాడు. కాఫీ తాగి వచ్చేశాను.

ఆ స్కోరు దొంగది. ఆ దొంగను నేనే. ఇది మీకు చెప్పాక గుండె కొంచెం తేలికైంది. వాడికి చెప్పకుండానే తేలికైనందుకు మళ్లీ సిగ్గేస్తోంది.