మొయినాబాద్ దగ్గర వద్దన్న రొట్టె

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. నాకు చక్కెర జబ్బు ఉన్నదని, ఒళ్లు తగ్గాలని పట్నం దవాఖానలో డాక్టరు ఆ పొద్దునే చెప్పాడు. "అన్నం, రొట్టె బంద్ చెయ్యుండ్రి. గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినుండ్రి" అన్నాడు. చేవెళ్లకు తిరిగి వస్తూ, అన్నం లేకుండా బతకడం నా వల్ల అవుతుందా అనుకుంటూ నీరసంగా కూర్చున్నాను.

మొయినాబాద్ దగ్గర బస్సు ఆగిపోయింది. డ్రైవరు బొగ్గు ఎగదోస్తుంటే, వేరే చోటు లేక నా పక్కనే కూర్చున్న ముసలావిడ సద్దిమూట విప్పింది. ఆమె మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది. మా వైపు నలుగురిలో మూట విప్పితే పక్కవాళ్లను అడగకుండా తినరు. ఆమె జొన్నరొట్టె సగం విరిచి నా ముందుకు చాపింది.

"తినుండ్రి పటేలా. ఈ బస్సు ఎప్పుడు పోతదో ఏమో."

"నాకొద్దవ్వా."

ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఆగింది.

"మా చేతిది మీరెట్ల తింటరు తియ్యుండ్రి. అలవాటు కొద్ది అడిగిన" అని, అటు తిరిగి కూర్చుని తినసాగింది.

డాక్టరు వద్దన్నాడని చెబుదామని నోరు తెరిచాను. నిన్న అడిగి ఉన్నా ఆమె చేతిది తినేవాణ్ణి కాదని తట్టి ఊరుకున్నాను.

అన్నం, రొట్టె మానేసి చాలా ఏళ్లయింది. ఒళ్లు తగ్గింది. ఎవరైనా రొట్టె పెట్టబోతే, డాక్టరు వద్దన్నాడని ఇప్పుడు వెంటనే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఆమె వీపు కనిపిస్తుంది.