ధనలక్ష్మి డాబా మీద సైరను

దువ్వాడ దాటాక గాజువాక వైపు మలుపు తిరిగే కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. దాని ఒడ్డునే ధనలక్ష్మి ఇల్లు. పెళ్లయి శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చిన కొత్తలో అక్కడ తుప్పలు తప్ప ఇళ్లు పెద్దగా ఉండేవి కావు. భర్త సత్యం స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఆఫ్ దొరికిన రోజున మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. విసురు వల భుజాన వేసుకుని గెడ్డలోకి దిగేవాడు. వారమంతా నిప్పుల దగ్గర ఉండే మనిషిని, ఒక్క పూటన్నా నీళ్లలో ఉండనీయవే అనేవాడు నవ్వుతూ.

ఆ కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టి విడిచింది. ఎండ కాసింది. మోకాలి లోతు నీళ్లలో సత్యం వల విసురుతున్నాడు. మసాలా నూరి ఉంచమని నీళ్లలోంచే కేకేశాడు. ధనలక్ష్మి రోటి ముందు కూర్చుంది. ఎగువన కొండల్లో వాన ఇంకా తగ్గలేదనీ, రిజర్వాయరు నిండిపోయి గేట్లు ఎత్తారనీ కింద ఎవరికీ తెలీదు. బండరాళ్లు దొర్లినట్టు చప్పుడు వినపడి ఆమె లేచి వచ్చేసరికి గెడ్డ ఎర్రటి నీళ్లతో ఒడ్డులొరుసుకుంటోంది. సత్యం నిలబడిన చోటేదో కూడా తెలియలేదు.

వల దిగువన తుమ్మకంపకి చిక్కుకుని దొరికింది. మనిషి దొరకలేదు.

గెడ్డ నీళ్లు చివరికి సముద్రంలోనే కలుస్తాయి కదా అని, ధనలక్ష్మి చంటిపిల్ల సత్యశ్రీని చంకనేసుకుని బస్సెక్కి జాలరిపేట వెళ్లేది. వేటకెళ్లి వచ్చిన ప్రతి పడవ దగ్గరా అడిగేది. చేపలమ్ముకునే ఆడవాళ్లు ఆమెని కూర్చోబెట్టి టీ ఇప్పించేవారు. వాళ్లలో ఒక్కరూ ఇక రాడమ్మా అనలేదు. అందుకే చాన్నాళ్లు అక్కడికి వెళ్తూనే ఉంది.

ఊరి పెద్దలు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. మనిషిని కళ్లతో చూడకుండా బొట్టెలా తీస్తానంది. తరవాత వెనక ఎవరేమనుకున్నా పట్టించుకోలేదు. బస్టాపులో ఎవరిదో వీపు సత్యం వీపులా కనపడితే ముందుకు నడిచి మొహం చూసి వచ్చేది. ఇళ్లలో పనిచేసి, ఉన్న గదినే డాబాగా కట్టించింది. కూతురికి పెళ్లి చేసింది. గాజువాకలో తన దగ్గరికి వచ్చేయమని సత్యశ్రీ ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు. వచ్చిన మనిషి తాళం చూసి వెనక్కి పోతే ఎలాగన్నది ఆమె దిగులు. ఆ మాట కూతురితో ఎప్పుడూ పైకి అనలేదు.

కిందటేడు కాలనీలో మీటింగు పెట్టారు. డ్యాముల భద్రతకి చట్టం వచ్చిందనీ, రూల్స్ మారాయనీ, ఇకమీదట గేట్లు ఎత్తే ముందు సైరను మోగించి దిగువ వాళ్లకి చెప్పి తీరాలనీ ఆశాజ్యోతి అనే ఇంజనీరు వివరించింది. గోదావరి జిల్లా అమ్మాయి. నీళ్లు ఏ వీధి దాకా వస్తాయో గోడ మీద మ్యాపు పెట్టి చూపించింది. జనం రోడ్ల గురించీ, డ్రైనేజీ గురించీ అడిగి వెళ్లిపోయారు. ధనలక్ష్మి మాత్రం కుర్చీలు ఎత్తేస్తున్నా నిలబడే ఉంది.

"అమ్మా, అప్పుడు మాకెవలూ సెప్పనేదు. సెప్పాలని అప్పుడు రూలు నేదా?"

ఆశాజ్యోతి ఏం జరిగిందో అడిగి మొత్తం విన్నది. "పై అధికారులకి ఫోన్ చేసి చెప్పేవారండి. గెడ్డలో ఉన్న మనిషి దాకా ఆ కబురు రావాలని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు."

"ఆయేల ఈ సైరను మోగుంటే పైకొచ్చీసీవోడా?"

ఆ అమ్మాయి మ్యాపు మీద రిజర్వాయరు నుంచి గెడ్డ మలుపు దాకా వేలితో కొలిచి చూసింది. "నీళ్లు ఇక్కడికి రావడానికి టైం పడుతుందమ్మా. వచ్చేసేవారు" అంది.

ధనలక్ష్మి ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా ఇన్నేళ్లలో తనకి ఎవరో ఒకరు జవాబు చెప్పారనిపించింది.

సైరను పెట్టడానికి ఎత్తయిన చోటు కావాలన్నారు. చెవులు చిల్లులు పడతాయని, పిల్లలు దడుచుకుంటారని ఒక్కొక్కరే తప్పుకున్నారు. ధనలక్ష్మి తన డాబా ఇచ్చింది. సంగతి తెలిసి సత్యశ్రీ పరిగెత్తుకొచ్చింది. అది మోగినప్పుడల్లా నాన్నే గుర్తొస్తాడు, ఎందుకే అమ్మా ఈ కోత అని ఏడ్చింది.

"మోగకపోతే మాత్రం గుర్తు రాడేటే?" అంది ధనలక్ష్మి.

ఈ ఏడు వానాకాలం చివర్లో, మబ్బు కూడా లేని ఒక మధ్యాహ్నం నెత్తి మీద సైరను మోగింది. టెస్టింగుకి కొంచెం మోగి ఆగేది. ఈసారి ఆగలేదు. ధనలక్ష్మి చేతిలో పని వదిలేసి ఒడ్డుకి పరిగెత్తింది. బట్టలుతికేవాళ్లు అప్పటికే మూటలు ఎత్తుకుని పైకొస్తున్నారు. మలుపు దగ్గర మాత్రం ఒకడు నీళ్లలోనే వంగి ఉన్నాడు. రాళ్ల మధ్య చిక్కిన వల లాగుతున్నాడు. సత్యం అప్పుడున్న వయసే.

"వల ఒగ్గీరా బాబూ! బేగొచ్చీ!"

"కొత్త వలమ్మా, లాగేత్తన్నాను!"

ధనలక్ష్మి చీర ఎగదోపి నీళ్లలోకే దిగిపోయింది. అది చూసి వాడే కంగారుపడి వల వదిలేసి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కించాడు. ముసలమ్మ కొంప ముంచిందని గొణుక్కుంటూ ఆమె ఇంటి డాబా మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఎగువ నుంచి చప్పుడు మొదలైంది. ఎర్రటి నీళ్లు వచ్చాయి. వాడు నిలబడ్డ రాళ్లు కనపడకుండా పోయాయి. వాడు లేచి ఇంకో రెండు మెట్లు పైకెక్కి కూర్చున్నాడు.

పేరు సాయిశంకర్ అనీ, పోర్టులో పనిచేస్తాననీ అడిగాక చెప్పాడు. ధనలక్ష్మి తుండు ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి లోపలికెళ్లి అన్నం పెడుతోంది. గిన్నె మీద మూత తీస్తుండగా బయట వాడు భార్యతో ఫోన్‌లో మాట్లాడటం వినపడింది.

"సేపలు నేవు, వలా పోయింది. నాను బానే ఉన్నాను. నువ్వేటీ కంగారు పడకు, వచ్చీత్తన్నాను."

ధనలక్ష్మి గరిటె పట్టుకుని, వచ్చేస్తున్నానన్న ఆ చివరి మాట విన్నది. కళ్లు తుడుచుకోలేదు. వాడు ఫోన్ పెట్టేసేదాకా ఆగి, కంచం నిండుగా అన్నం వడ్డించి, మజ్జిగ గ్లాసుతో బయటికొచ్చింది.

"తిని ఎల్లు బాబూ" అంది. "మీ ఆవిడ సూత్తంటాది."